చివరి చీల

మా దొర పట్నం పారిపోయిన ఏడు ఊరంతా ఉగాది పచ్చడి ఇంకో గ్లాసు ఎక్కువే తాగింది. పారిపోయాడు అనకూడదట, పని మీద పోయాడు అనాలట. గడి జవాను మల్లయ్య ఇల్లిల్లూ తిరిగి మరీ చెప్పి వచ్చాడు. సరే, పని మీదనే పోయాడు. పోయినవాడు దొరసానినీ, చంటి కొడుకునూ, గదుల నిండా సామానునూ వెనక వదిలేసి పోయాడు. ఎండలు ముదిరాక వాళ్ళను తీసుకురమ్మని ఒక జీపును పంపాడు.

యుద్ధంలో తిరిగి తిరిగి, యుద్ధం అయిపోయాక వేలంలో అమ్ముడుపోయిన బండి అది. పైకప్పు లేదు, తలుపులు లేవు, రంగు ఎక్కడికక్కడ లేచిపోయింది. దాన్ని తోలుకొచ్చినవాడు జడ్చర్ల దశరథం. పటాలంలో చేరి బర్మా దాకా పోయి వచ్చినవాడు. చిట్యాల పోయే బాటను దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్ళు అప్పటికే ఎక్కడికక్కడ తవ్వేశారు కాబట్టి, మెట్ట చెల్కల మీద పడి, వాగు దిగి, బండల మధ్య దారి వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చేసరికి వెనక తాళ్ళతో కట్టిన పెట్రోలు డబ్బాల్లో ఒకటి లేదు. ఎక్కడ ఎగిరి పడిందో ఆయనకే తెలియదు.

మరునాడే మల్లయ్య మా వాకిట్లో నిలబడ్డాడు. మా ఆయన వడ్ల లింగయ్య, ఊరి వడ్రంగి. నాగలి విరిగినా, బండి ఒరిగినా, దర్వాజ ఎత్తాలన్నా చుట్టుపక్కల ఊళ్ళు ఆయన కోసమే వచ్చేవి. గడి పిలుపు అంటే నేనూ వెంట బయలుదేరాను. నాకు వేరే పని ఉంది. నా బిడ్డ అండాలును చూసి రావాలి.

అండాలుకు అప్పుడు పదకొండేళ్ళు. చిన్న దొర పుట్టినప్పుడు తొట్టెల ఊపడానికి పంపమన్నారు. పురుడు అయ్యేదాకా అన్నారు. తర్వాత పిల్లవాడు బోర్లా పడేదాకా అన్నారు. ఆ తర్వాత ఏదీ అనడం మానేశారు. గడి గుమ్మం లోపలికి నాకు రాక లేదు. వాకిట్లో నిలబడితే, పిల్లవాణ్ణి చంకన వేసుకుని నా బిడ్డ మెట్ల దాకా వచ్చి నాలుగు మాటలు మాట్లాడి పోయేది. అదే మా ఇద్దరికీ తల్లీబిడ్డల ముచ్చట.

దొరసాని అరుగు మీదికి వచ్చింది. నిద్రలేక కళ్ళ కింద నల్లబడి ఉంది. ఇరవై ఏళ్ళు దాటాయో లేదో ఆమెకు.

"లింగా, ఈ బండికి పెట్టెలు గావాలె. వెండి గిన్నెలు, పట్టుబట్టలు, బియ్యం, నీళ్లు, పెట్రోలు, తుపాకులు, దేని జాగల అది ఉండాలె. వాగుల దిగినా, గట్టెక్కినా ఒక్క గిన్నె మోగొద్దు" అంది.

మా ఆయన తువ్వాల చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "గడి పని బంద్ జెయ్యాల్నని సంగపోళ్లు..." అని మధ్యలో ఆపేశాడు.

"ఎరికే. అందుకే అడుగుతున్న. పెట్టెలు కానియ్యి. అయినంక అండాలును నీ ఇంటికి తీస్కపో."

ఆ గడి నోట 'అడుగుతున్న' అనే మాట నేను వినడం అదే మొదలు. ఆ ఒక్క మాటకే మా ఆయన సగం కరిగాడు. మిగతా సగం కూతురి పేరు వినగానే కరిగిపోయింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఇంటికి వస్తూ దారి పొడుగునా బిడ్డకు ఎక్కడ పక్క వేయాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను.

సంగానికి తెలియకుండా ఊళ్ళో చీమైనా కదలని రోజులవి. ఆ మధ్యాహ్నమే గొర్లు కాసే మైసయ్య మా బావి గడ్డకు వచ్చి కూర్చున్నాడు. అడవిలో ఉన్న సంగం దళం మాట ఊరికి మోసేది అతనే. నన్ను అక్కా అంటాడు, మా ఆయనను బావా అంటాడు.

"చాకలి బంద్ వెట్టిండు. మంగలి బంద్ వెట్టిండు. మేనా మోసెటోళ్లు భుజాలు దించిండ్రు. నువ్వొక్కనివి బాడిసె పట్టుకొని గడికి పోతవా బావా?"

"నా పిల్ల లోపలున్నది మైసయ్యా."

"ఎరికే. జర ఓపిక వట్టు. గడి మన చేతికొస్తది."

"ఎప్పుడు?"

మైసయ్య గొర్లకేసి చూశాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు అతను. "వానలు వడే యాళకు" అన్నాడు చివరికి. "నాకు గుడ గట్టిగ తెల్వదు."

"గామె అయితే పెట్టెలయినంక అన్నది" అన్నాడు మా ఆయన. మైసయ్య లేచి కర్ర భుజాన వేసుకున్నాడు. చెయ్యమనీ అనలేదు, చెయ్యొద్దనీ అనలేదు. పిల్లలున్నవాడు, ఏమంటాడు?

కర్ర కోసం అడవికి పోయే రోజులు కావు. గడిలో చావిట్లో మూలన పడి ఉన్న మేనాను ఊడదీసి దాంతోనే చేయమంది దొరసాని. మోసేవాళ్ళు భుజాలు దించాక ఇక అది ఎందుకు? పాత టేకు. ఎండి ఎండి, కొడితే గంటలా మోగేది. దాన్ని చేసింది మా మామ. తండ్రి చేసినదాన్ని కొడుకు విప్పడం చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. మా ఆయన మాత్రం ఒక్కో పలకనూ నిమురుతూ, ఎక్కడా చీలకుండా విప్పాడు. చివరికి మోసే దండె దగ్గర నుంచి జానెడు చీలను ఒకదాన్ని తీసి, రొంటిన దోపుకున్నాడు. నల్లతుమ్మ చేవతో చేసినది. తలకు ఇత్తడి పొన్ను.

ఆ చీల సంగతి చెప్పాలి. మా వడ్లోళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్త బండి ఎంత ముస్తాబు చేసినా చివరి చీల కొట్టరు. అది వడ్లాయన చేతిలోనే ఉంటుంది. యజమాని వచ్చి, కొత్త బట్ట పెట్టి, ‘ఏం గావాలె’ అని అడగాలి. వడ్లాయన తనకు కావలసింది అడుగుతాడు. ఇస్తానన్నాకే చీల కొడతాడు. ఆ దెబ్బతో బండి మీద వడ్లాయనకున్న హక్కు పోతుంది. చీల పడని బండిని ఎవరూ కదిలించరు, అరిష్టం. ఎంతటి మోతుబరి అయినా ఆ ఒక్క గడియ వడ్లాయన ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

మేనా చేసిన ఏడు మా మామ తమ్ముణ్ణి పెద్ద దొర, అంటే ఇప్పటి దొర తాత, కాళ్ళు బిగించే బొండకొయ్యలో వేయించాడట. కొత్త కోడలిని తేవడానికి మేనా ఎత్తబోయే వేళకు మా మామ ఈ చీలే పట్టుకుని నిలబడి, "నా తమ్ముడు" అన్నాడట. పెద్ద దొర ఒక నిమిషం ఉరిమి చూసి, పెళ్ళి సంబరంలో ఉన్నాడేమో, నవ్వేసి వదిలేయమన్నాడట. మా ఇంట్లో ఈ కథ వినని పండుగ లేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ విని విని నాకు విసుగు పుట్టింది. ఆ ఎండాకాలం మాత్రం మళ్ళీ వినాలనిపించింది.

పని గడి వాకిట్లోనే. నేను రోజూ సద్ది తీసుకుని పోయేదాన్ని. వాళ్ళిద్దరూ, మా ఆయనా దశరథమూ, మొదట ఒకరినొకరు నమ్మలేదు. మా ఆయన జీపు చుట్టూ తిరిగి, "ఎడ్లు లేని బండికి ముందేది, ఎనకేది?" అని వేళాకోళం చేశాడు. దశరథం కూడా తక్కువవాడు కాదు. "అన్నా, దీనికి గడ్డి ఎయ్యకు, అరగదు" అన్నాడు. రెండో రోజుకు ఇద్దరూ ఒకే తొక్కులో జొన్నరొట్టె ముంచుకుంటున్నారు.

వెనక ఉన్న ఇనుప కుర్చీని ఊడబీకారు. వెనక పలకను కమ్మరి ఐలేశంతో కోయించారు. చక్రాల మీద ఇనుము ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది కదా, ఆ ఉబ్బును అట్లాగే కడుపులో పెట్టుకునేటట్టు అటొకటి ఇటొకటి నిలువు పెట్టెలు చేశాడు మా ఆయన. మధ్యలో మిగిలిన సందుకు ఒక పొడుగు సొరుగు. వెనక నుంచి లాగితే తుపాకులు పొడుగ్గా పడుకుని బయటికి వచ్చేవి. నీళ్ళ డబ్బాలకు, పెట్రోలు డబ్బాలకు విడివిడిగా గూళ్ళు. గిన్నెల అరలకు లోపల గొంగడి ముక్కలు పరిచి కుట్టించాడు.

"బరువంత ఎనకకు వెడితే ముందు చక్రాలు లేస్తయన్నా. గట్టెక్కుతుంటే మొగం ఆకాశానికి జూస్తది" అనేవాడు దశరథం.

"మా బండ్లకు గుడ అంతేనయ్యా. ఎనక బరువైతే కాడి లేసి ఎడ్లకు ఉరి వడ్తది. బియ్యం ముందుకు తోసినలే" అనేవాడు మా ఆయన.

ఆ రోజుల్లో ఆయన మొహం వెలిగిపోతుండేది. అట్లాంటి పని ఆయన ఎన్నడూ చేయలేదు. ఇంటికి వచ్చి బొగ్గుతో నేల మీద అరలు గీసి చూపించేవాడు. నేను కసిరేదాన్ని, "దొర సామాను సర్దుడు అంత సంబురమా" అని. కసిరినా, నాకూ లోపల సంబరంగానే ఉండేది. ఒక్కో పెట్టె మూత పడుతుంటే నా బిడ్డ ఒక్కో అడుగు ఇంటివైపు వేస్తున్నట్టే ఉండేది.

పెట్టెలన్నీ అయిన రోజు దొరసాని వాకిట్లోకి దిగి వచ్చింది. మూతలు తెరిచి చూసింది. సొరుగు లాగి చూసింది. గిన్నెలు పెట్టించి, దశరథంతో జీపును వాకిట్లో ఎగుడుదిగుడు మీద తిప్పించింది. ఒక్కటీ మోగలేదు.

"మంచిగ జేసినవ్ లింగా. ఎనక ఇంకొక్క మనిషి కూసునే జాగా చెయ్యి."

"మల్లయ్యకా దొరసానీ?"

"మల్లయ్య పెట్టెల మీద కూసుంటడు. నువ్వు చెయ్యి."

"మనిషిని జూస్తెనే కొలత దొరుకుతది. లావుటోళ్లకు ఒకతీరు, సన్నటోళ్లకు ఒకతీరు" అన్నాడు మా ఆయన, ఉలి తుడుచుకుంటూ.

దొరసాని మా ఇద్దరి వైపూ చూడలేదు. గడి లోపలికి తిరిగి, "అండాలూ, జర బయటికి రా" అని పిలిచింది.

అండాలు పిల్లవాణ్ణి చంకలోంచి దించి, గంతులేస్తూ వచ్చింది. నా చేతిలో సద్ది గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు.

"బాపూ, నేను గుడ మోటరు ఎక్కుతనా?" అంది.

మా ఆయన ఉలి కింద పెట్టాడు. వంగి, జానతో కొలిచాడు. మోకాలి దాకా ఎంత, నడుము వెడల్పు ఎంత, కూర్చుంటే వీపు ఎక్కడికి ఆనుతుంది. ఆ పిల్లకు చక్కిలిగింతలు పుట్టి నవ్వుతోంది. దొరసాని మెట్లెక్కి పోతుంటే మా ఆయన అడిగాడు, "పిల్లను ఇంటికి పంపుత అంటిరి."

"ముందుగాల పని కానియ్యి లింగా" అని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం నేను ఆయన మీద పడ్డాను. ఎన్ని మాటలన్నానో నాకే గుర్తులేదు.

"చెయ్యకు. చెయ్యిరిగిందని చెప్పు. బల్ల సగం కోసి పెట్టు, ఇరిగిపోతది."

"నా బిడ్డ కూసునే బల్లను నేనే కోసి వెడుదునా?"

"అయితే కూసోవెట్టి సాగనంపు. తాంబూలం గుడ వెట్టు."

ఆయన కోపం తెచ్చుకోలేదు. రొంటి నుంచి ఆ నల్ల చీలను తీసి నా ముందు పెట్టాడు. "బల్లకు కింద సొరుగున్నది. సొరుగు తియ్యాల్నంటే బల్ల జరగాలె. అందుకే రెండు దిక్కుల పెట్టెలకు గాడి కొట్టి, బల్లను గాడిల జొప్పిస్త. జరగకుండ ఒకటే చీల. గీ చీల. ఇది నా చేతిల ఉన్నంతసేపు పని నాది. బట్ట వెట్టి, ఏం గావాలె అని అడగక తప్పదు. అప్పుడు అడుగుత."

"గామె నిన్ను అడుగుతదా?"

"పెద్ద దొర అడగలేదా?"

నాకు నమ్మకం కుదరలేదు. కానీ నమ్మడానికి మా దగ్గర ఇంకేమీ లేదు. గడి గేటుకు అటొకడు ఇటొకడు తుపాకులు పట్టుకుని ఉన్నారు. మైసయ్యకు కబురు పెడితే వానలదాకా ఆగమంటాడు. ఆ చీలను కళ్ళకద్దుకుని మళ్ళీ ఆయనకే ఇచ్చాను.

బల్ల చేశాడు. అట్లాంటి బల్ల ఏ దొర పిల్లకూ చేసి ఉండడు. అంచులు గుండ్రంగా తీసి, చిత్రిక పట్టి, ఇసుకతో రుద్ది, నూనె పూశాడు. అండాలు ఎక్కి కూర్చుని, వెనక్కు మొహం పెట్టి కాళ్ళు ఊపింది. "కాళ్లు ఆనుతలేవు బాపు" అంది. కింద పాదాలు ఆనడానికి ఒక చెక్క పేడు కొట్టాడు. పట్టుకోవడానికి పక్క పెట్టెలకు చేతి పట్లు తొలిచాడు. పిల్ల చేయి ఎంతో అంతే తొలిచాడు. పెద్ద చెయ్యి అందులో పట్టదు.

బయలుదేరే పొద్దున నేను తెల్లవారకముందే గడి వాకిట్లో ఉన్నాను. ఇంటి నుంచి అండాలు పరికిణీ ఒకటి మూటగట్టి తెచ్చుకున్నాను, ఇంటికి తీసుకుపోయేటప్పుడు కట్టుకుంటుందని. ఎంత పిచ్చిదాన్ని చూడండి.

సామాను ఎక్కింది. దేని అరలో అది. మల్లయ్య పెట్టెల మీద తుపాకితో కూర్చున్నాడు. అండాలు అప్పటికే తన బల్ల ఎక్కి చేతిపట్లు పట్టుకుని ఉంది. రాత్రంతా మోటరు సంబరంతో నిద్రపోలేదట. దొరసాని పిల్లవాణ్ణి ఎత్తుకుని ముందు సీటు దగ్గరికి వస్తుంటే మా ఆయన జీపు వెనక నిలబడ్డాడు. తలపాగా తీసి నడుముకు కట్టుకున్నాడు. ఒక చేతిలో బాడిసె, ఇంకో చేతిలో చీల.

"దొరసానీ, పని అయింది. చీల నా చేతిల ఉన్నది" అన్నాడు. ఆచారం ప్రకారం అనవలసిన మాట అంతే.

దొరసాని ఆగింది. ఆచారం తెలిసిన మనిషే. పనిమనిషితో తట్ట తెప్పించింది. కొత్త ధోవతి, కొబ్బరికాయ, కొన్ని రూపాయలు. తానే దగ్గరికి వచ్చి ఇచ్చింది. అప్పుడు నా ప్రాణం లేచి వచ్చింది.

"ఇంకేం గావాలె లింగా?"

"నా బిడ్డ."

దశరథం తల వంచుకుని చక్రం పట్టుకుని కూర్చున్నాడు. దొరసాని పిల్లవాణ్ణి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెప్పను, నిజంగానే తిరిగాయి.

"పనోళ్లందరు పోయిండ్రు లింగా. పాలిచ్చేది గుడ పోయింది. వీడు అండాలు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వట్టడు. గా పట్నంల నాకెవలున్నరు? ఏంజెయ్యమంటవ్ చెప్పు. కుదురుకున్నంక పంపిస్త."

"నీ బాంచెన్ దొరసానీ" అంటూ నేను ఆమె కాళ్ళ దగ్గర పడ్డాను. ఆమె నా మీదుగా జాగ్రత్తగా అడుగు వేసి ముందు సీట్లో కూర్చుంది. "దశరథం, పోనియ్యి" అంది.

"చీల పడలేదమ్మా" అన్నాడు దశరథం, వెనక్కి చూడకుండా.

"పోనియ్యమన్నకదా."

జీపు ఉరిమింది. మా ఆయన కదలలేదు. ఆచారమే నిలబెడుతుందని నిలబడ్డాడు. చీల పడని బండి కదలదని తాతల నాటి నుంచి విన్నవాడు. ఆ బండి కదిలింది. దానికి ఎడ్లు లేవు, ఎడ్లు తోలేవాడికి ఉండే భయం లేదు. గేటు ముందు మట్టి గట్టు ఉంది. ముందు చక్రాలు గట్టెక్కగానే వెనక అండాలు కూర్చున్న బల్ల గాడిలో సర్రున జారింది. పిల్ల రెండు చేతులతో పట్లు పట్టుకుంది. కాళ్ళు పేడు మీద నుంచి జారి గాలిలో వేలాడాయి. బల్ల సగం బయటికి వచ్చింది.

ఏడవలేదు. మా ఆయన వైపే చూస్తూ, "బాపూ, బల్ల కదుల్తాంది" అంది, ఆయన పనిలో తప్పు చూపించినట్టు మెల్లగా.

ఆయన పరుగెత్తాడు. "ఆపు" అని అరవలేదు. ఆపమంటే ఎవరాపుతారు? దశరథమే బ్రేకు మీద కాలు పెట్టాడో, గట్టే ఆపిందో, ఒక్క క్షణం బండి నిలిచింది. మా ఆయన బల్లను భుజంతో లోపలికి నెట్టి, చీలను రంధ్రంలో పెట్టి బాడిసె మడమతో కొట్టాడు. ఇత్తడి పొన్ను పెట్టె చెక్కకు ఆనేదాకా కొట్టాడు. బల్లను పట్టి ఊపి చూశాడు. కదలలేదు. పిల్ల పాదాలు తీసి పేడు మీద పెట్టాడు.

"గట్టిగ వట్టుకో బిడ్డా. వాగుల దిగేటప్పుడు ముందుకు వంగు" అన్నాడు.

"సరే బాపు" అంది అండాలు.

జీపు గట్టు దిగి చెల్కల్లోకి పోయింది. వెనక్కి మొహం పెట్టి కూర్చుంది కదా, అందుకని కనిపించినంత దూరం మమ్మల్నే చూస్తూ పోయింది. నేను మూట పట్టుకుని కొంత దూరం ఉరికాను. పరికిణీ అయినా ఇద్దామనుకున్నాను. దుమ్ము తప్ప ఏమీ అందలేదు.

మా ఆయన ధోవతీ రూపాయలూ గడి మెట్ల మీదే వదిలేశాడు. ఇంటికి వచ్చాక చెయ్యి చాపి చూసుకున్నాడు. చీల పట్టుకుని పట్టుకుని అరచేతిలో దాని అచ్చు పడి ఉంది.

రెండు రోజులకు మైసయ్య వచ్చాడు. గడి పని చేసినందుకు నాలుగు తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. బావిగడ్డ మీద కూర్చుని, "వాగు కాడ జూసిన. గొర్లు అడ్డం తోలి ఆపుదామనుకున్న. మల్లయ్య చేతిల తుపాకి, ఎనక పిల్ల. ఆపలేదు" అన్నాడు. కొంచెం సేపటికి, "బండి గంత ఎగిరినా పిల్ల కదల్లేదక్కా. గట్టిగనే కూసున్నది" అన్నాడు. మా ఆయన లేచి లోపలికి పోయాడు.

వానలు పడ్డాయి. మైసయ్య చెప్పినట్టే, మొదటి వానకే గడి మీద సంగం జెండా ఎగిరింది. కాపలావాళ్ళు ఎటో పోయారు. ఊరంతా గడిలోకి పోయి గరిసెలు తెరిచి వడ్లు పంచుకుంది. నేను ఎన్నడూ దాటని ఆ గుమ్మం దాటి లోపలికి పోయాను. తొట్టెల దొరికింది. దాని పక్కన నేల మీద, చిన్న మనిషి పడుకునేంత చింకి చాప ఒకటి పరిచి ఉంది. దాన్ని చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్క నెల. ఆ జీపు ఒక్క నెల ఆలస్యంగా వచ్చి ఉంటే, మా ఆయన చేతికి అంత పనితనం లేకపోయి ఉంటే, నా బిడ్డ ఆ చాప మీద నుంచి లేచి నా వెంట వచ్చేది.

భాద్రపదంలో యూనియన్ పటాలాలు వచ్చాయి. నైజాము లొంగిపోయాడన్నారు. రజాకార్లు పోయారు. ఊళ్ళో డప్పులు మోగాయి, మేమూ పోయి నిలబడ్డాం. ఆ డప్పుల సద్దు అణగక ముందే పటాలం లారీల వెనక మా దొర వచ్చాడు, కాంగ్రెసు వాళ్ళ తెల్ల టోపీ పెట్టుకుని, అదే జీపులో. జెండా దిగింది. మైసయ్య గుట్టలు పట్టాడు. మళ్ళీ అతన్ని మేం చూడలేదు.

మేమిద్దరం గడికి పోయాం. జీపు వాకిట్లో ఉంది. అండాలు బల్ల మీద పెట్రోలు పీపా ఒకటి తాళ్ళతో కట్టి ఉంది.

దొరసాని అరుగు మీదికి వచ్చింది. పిల్లవాడు ఇప్పుడు ఆమె కొంగు పట్టుకుని నిలబడుతున్నాడు.

"అండాలా? మా చెల్లె పెండ్లయింది లింగా. తోడు పంపాలె గదా. మంచి ఇల్లు, బీదరు దిక్కు. మంచిగనే ఉన్నది" అంది. పెళ్ళికూతురితో పాటు మంచమూ బిందెలూ పంపినట్టు, దాసి పిల్లనూ పంపడం ఆ ఇళ్ళలో ఆనవాయితీ. మాకు తెలియంది కాదు. మా పిల్లకు తగులుతుందని తెలియదు.

"ఏ ఊరు దొరసానీ?" అన్నాన్నేను.

"నాకు పేరు యాదికి లేదు" అంది. అది నిజమో కాదో ఈనాటికీ నాకు తెలియదు. మా ఆయన తర్వాత బీదరు దిక్కు పోయాడు, ఒక్కసారి కాదు. భాష రాక, ఊరి పేరు తెలియక, గేట్ల ముందు నిలబడి నిలబడి తిరిగి వచ్చాడు.

ఆ రోజు గడి నుంచి బయటికి వస్తూ ఆయన జీపు దగ్గర ఆగాడు. వంగి, ఆ చీలను రెండు వేళ్ళతో పట్టి లాగాడు. రాలేదు. వానలకు తడిసి చేవ ఉబ్బి, చెక్కలో చెక్క అయిపోయింది. రెండు చేతులా పట్టి లాగాడు. అరుగు మీద నుంచి దొర, "ఏం జేస్తున్నవ్‌రా?" అని కేకేశాడు.

"బిర్రుగున్నదా లేదా అని జూస్తున్న దొరా" అన్నాడు మా ఆయన.

మరుసటి ఎండాకాలానికి పెద్దులు అనే రైతు మా దగ్గర కొత్త బండి చేయించుకున్నాడు. బండి తీసుకుపోయే రోజు ఆలుమగలు ఇద్దరూ వచ్చారు. తట్టలో కొత్త ధోవతి, బెల్లం, కొబ్బరికాయ పెట్టుకుని, మా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా ఆయన వాళ్ళను చూసి బిత్తరపోయాడు.

"ఏం గావాలె లింగయ్యా, అడుగు" అన్నాడు పెద్దులు నవ్వుతూ. "చీలేది?"

"పొద్దుగాలనే కొట్టేసిన" అన్నాడు మా ఆయన. "తోలుకపో."